ఏడేళ్ళ దగ్గు

వాచీల మేస్త్రికి ఆదివారం ఆదివారం ఒక దగ్గు వచ్చేది. సోమవారం రాదు, మంగళవారం రాదు. చలికి రాదు, దుమ్ముకి రాదు. చర్చిలో అందరూ లేచి నిలబడి పరలోక ప్రార్థన మొదలుపెట్టి, సరిగ్గా "మా పట్ల తప్పు చేసినవాళ్ళని మేము క్షమించినట్టే" అనే మాట దగ్గరికి వచ్చేసరికి ఎక్కడినుంచో తన్నుకొచ్చేది. ఖళ్ ఖళ్‌మని రెండు, కాస్త ఊపిరి పీల్చుకుని మూడోది. తర్వాత జేబురుమాలు తీసి తాపీగా నోరు తుడుచుకునేవాడు. ఈలోగా ఆ మాట కాస్తా దాటిపోయేది. మిగతా ప్రార్థనంతా ఆమేన్ దాకా గోడలు అదిరేలా చెప్పేవాడు.

ఇలాంటి దగ్గుకి ఏ డాక్టరు మందిస్తాడు, మీరే చెప్పండి!

మొదట్లో జనం తలలు తిప్పి చూశారు. ఏడాది తిరిగేసరికి అలవాటైపోయింది. రెండో ఏడు నుంచి పాస్టరుగారు తనకి తెలీకుండానే ఆ మాట ముందు ఒక్క క్షణం ఆగడం మొదలుపెట్టారు, పోనీలే పాపం దగ్గుకోనీ అన్నట్టు. పాస్టరుగారు ఆగితే జనమూ ఆగారు. అలా ఏడేళ్ళు. ఆర్గన్ వాయించే టీచరమ్మ ఆ సందులో పుస్తకం పేజీ తిప్పుకునేది. ఆ ఊళ్ళో ఆ ఒక్క చర్చిలోనే పరలోక ప్రార్థన మధ్యలో మేస్త్రి దగ్గుకి సరిపడా ఖాళీ ఉండేది.

దీనంతటికీ కారణం ఏమిటయ్యా అంటే, మీసం. అది కూడా సగం మీసం.

మేస్త్రి మీసం మామూలు మీసం కాదు. గడియారం ముళ్ళు పదీ పది చూపిస్తున్నట్టు రెండు కొసలూ పైకి లేచి నిలబడేవి. వాచీల్లో వెంట్రుకలాంటి స్ప్రింగుల్ని పట్టుకునే పట్టకారుతోనే పొద్దున్నే మీసంలో వంకర వెంట్రుకల్ని ఏరి పారేసేవాడు. దాన్ని కత్తిరించే హక్కు లోకంలో ఒక్కడికే ఉండేది, బావమరిదికి. మేస్త్రి భార్యకి సొంత తమ్ముడు. వాచీల కొట్టుకి రెండు వీధుల అవతల సెలూన్. బావా బావమరుదులిద్దరూ ఒకర్నొకరు ఏడిపించుకోకుండా ఒక్క రోజు గడిపినవాళ్ళు కాదు. సెలూన్ పెట్టిన రోజున మేస్త్రి తన చేతుల్తో ఒక గోడ గడియారం చేసిచ్చాడు. అంకెలన్నీ తిరగేసి రాసి, ముళ్ళు వెనక్కి తిరిగేలా లోపలి పళ్ళచక్రాలు మార్చాడు. ఎందుకంటే సెలూన్లో కుర్చీలో కూర్చున్నవాడు వెనక గోడమీద గడియారాన్ని అద్దంలోంచే కదా చూస్తాడు! అద్దంలో టైం సరిగ్గా కనిపించాలని అంత తంటా. అలాంటి గడియారం చేసివ్వాలంటే అవతలివాడి మీద ఎంత ప్రేమ ఉండాలి!

ఏడేళ్ళ కిందట మేస్త్రి కూతురి పెళ్ళి రోజు పొద్దున్నే ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. కొత్త కోటు ఒళ్ళో పెట్టుకున్నాడు, మెళ్ళో తువ్వాలు, కళ్ళు మూసుకుని హాయిగా ఉన్నాడు. సర్రుమని ఒక చప్పుడు. కళ్ళు తెరిచి చూస్తే కుడి మీసం లేదు. ఎడమది మాత్రం ఏమీ ఎరగనట్టు పైకి చూస్తోంది.

సరే, జరిగింది. బావమరిది కాళ్ళమీద పడుంటే ఎలా ఉండేదో. కాని వాడు నవ్వాడు. కత్తి చేత్తో పట్టుకుని, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

సగం మీసంతో కూతుర్ని చర్చిలోకి నడిపించలేడు కదా, మిగతా సగమూ తీసేయాల్సి వచ్చింది. పెళ్ళికొడుకు పెద్దనాన్న మేస్త్రిని గుర్తుపట్టక, "బాబూ, ఇటు రెండు గ్లాసులు మంచినీళ్ళు పట్రా" అన్నాడు. మేస్త్రి పట్టుకొచ్చి ఇచ్చాడు కూడా, ఏం చేస్తాడు! ఫోటోల్లో అన్నిట్లోనూ జేబురుమాలు ముక్కు కింద అడ్డం పెట్టుకున్నాడు. ఆల్బం చూసినవాళ్ళంతా "అయ్యో, కూతురంటే ఎంత ప్రాణమో, పొద్దుట్నుంచీ ఏడుస్తూనే ఉన్నాడు పాపం" అనేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా మేస్త్రి అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు.

ఆ రోజు నుంచి బావమరిదితో మాటల్లేవు. మీసం ఆరు నెలల్లో మళ్ళీ మొలిచింది, మునుపటికంటే దిట్టంగా. మాటలు మాత్రం మొలవలేదు. వేరే సెలూన్‌కి వెళ్ళడానికి మనసొప్పక భార్యతోనే జుట్టు కత్తిరించుకునేవాడు. ఆవిడ ఇంట్లో బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. అదే పెద్ద కత్తెరతో, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కాలరు పక్కన సుద్దముక్కతో గీత గీసి మరీ కత్తిరించేది. ఏడేళ్ళుగా మేస్త్రి తల వెనకనుంచి చూస్తే కుట్టు విప్పిన చొక్కాలా ఉండేది.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. మేస్త్రి దొంగ భక్తుడు కాడు. ఆ దగ్గులో కూడా నిజాయితీ ఉంది. బాగుపడని వాచీకి బాగుచేశానని చెప్పి డబ్బా మూసి ఇచ్చే రకం కాదతను. క్షమించలేదు కాబట్టి క్షమించానని దేవుడి ముందు అబద్ధం చెప్పలేడు. పోనీ క్షమించేద్దామంటే, చెవుల్లో ఆ నవ్వు. అందుకే దగ్గు. దేవుడు కూడా ఈపాటికి అలవాటు పడిపోయి ఉంటాడని అతని ధైర్యం.

దీనికి తోడు మేస్త్రి సాక్ష్యం చెప్పడంలో దిట్ట. చర్చికి కొత్తవాళ్ళెవరొచ్చినా, "నేను పన్నెండేళ్ళు తాగుబోతునండీ" అని లేచేవాడు. "దారి తప్పానండీ. ఇల్లు మర్చిపోయాను, పెళ్ళాన్ని మర్చిపోయాను. అంతటి పాపిని ఒక్క మాట అడక్కుండా క్షమించాడండీ ఆయన!" అనేవాడు, కళ్ళనీళ్ళతో, మీసం కొస తడుముకుంటూ. చివరి బెంచీలో కూర్చున్న బావమరిది తల దించుకుని వినేవాడు.

ఇలా ఉండగా పిల్లల ఆదివారం వచ్చింది. మేస్త్రి మనవరాలికి ఆరేళ్ళు. ఏ పెళ్ళిలో అయితే మీసం పోయిందో ఆ కూతురి కూతురే. పరలోక ప్రార్థన ఒక్కతే చెప్పాలి. మేస్త్రి స్వయంగా నేర్పాడు. వాచీల కొట్లో బల్లమీద కూర్చోబెట్టి, కంటికి భూతద్దం పెట్టుకుని పని చేసుకుంటూనే, మూడు వారాలు వల్లెవేయించాడు. పిల్ల చురుకైనది. ఎక్కడా తడబడలేదు.

ఆ రోజు మేస్త్రి ముందు బెంచీలో మీసం దువ్వుకుని కూర్చున్నాడు. పిల్ల తెల్లగౌనులో వేదిక ఎక్కింది, చేతులు కట్టుకుంది, కళ్ళు మూసుకుంది, గడగడా మొదలుపెట్టింది. ఆ చోటికి వచ్చింది. ఆగింది. ఖళ్ ఖళ్‌మని రెండు దగ్గింది. ఊపిరి పీల్చుకుని మూడోది దగ్గింది. గౌను జేబులోంచి బుల్లి రుమాలు తీసి తాపీగా నోరు తుడుచుకుంది. మడిచి జేబులో పెట్టుకుంది. తర్వాతి మాట అందుకుని ఆమేన్ దాకా గడగడా చెప్పేసింది.

చర్చి చర్చంతా నోరు వెళ్ళబెట్టింది. టీచరమ్మ ఆర్గన్ మీదికి వంగి మొహం దాచుకుంది.

పాస్టరుగారు కిందికి వంగి మెల్లిగా అడిగారు. "చాలా బాగా చెప్పావు తల్లీ. మధ్యలో ఇంకో మాట ఉంది కదా, క్షమించడం గురించి?"

"అది మిగతావాళ్ళు చెప్తారండీ," అంది పిల్ల. "మా ఇంట్లోవాళ్ళం దగ్గుతాం."

ఇక ఆపడం ఎవరివల్ల అవుతుంది! ఒకచోట మొదలైన నవ్వు చర్చంతా పాకింది. పాస్టరుగారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకున్నారు. మేస్త్రికి తల తీసేసినట్టయింది. ఎవరు నవ్వుతున్నారో చూద్దామని చివరి బెంచీవైపు తిరిగాడు. బావమరిది నవ్వడం లేదు. ఒళ్ళో ఉన్న తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. ఆశీర్వాదం కాకముందే లేచి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే మేస్త్రి భార్య బల్లమీద పెద్ద కత్తెర ఠక్కున పెట్టింది.

"ఇవాళ్టితో సరి. ఇక మీ తలకి నేను కత్తెర పెట్టను."

"ఇప్పుడు నా తలకేమైంది?"

"తలకేమీ కాలేదు, లోపలే అయింది. ఆరేళ్ళ పిల్లకి ఆస్తి రాసిచ్చినట్టు దగ్గు రాసిచ్చారు. రేపు దాని పిల్లలకి అది నేర్పుతుంది. ఎవరి మీద కోపమో తెలీదు, ఎందుకో తెలీదు, తరతరాలూ దగ్గుకుంటూ పోతారు!"

"నీ తమ్ముడు చేసిన పని..."

"దేవుడు మీకు పన్నెండేళ్ళు క్షమించాడండీ. పన్నెండేళ్ళు! మీరు బెత్తెడు కూడా లేని మీసాన్ని క్షమించలేకపోయారు. పైగా అది మళ్ళీ మొలిచింది!"

మేస్త్రి మీసం తడుముకున్నాడు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. "వాడు వెళ్ళిపోతున్నాడు. ఎనిమిది నెలలుగా వాడి చెయ్యి వణుకుతోంది. గడ్డం గీయించుకోడానికి ఎవడూ రావడం లేదు. బుధవారం కుర్చీ తీసుకెళ్ళిపోతారు. వచ్చే సోమవారం కూతురి దగ్గరికి వేరే ఊరు వెళ్ళిపోతాడు. ఇక ఉంటే ఉంటాడు, పోతే పోతాడు, నాకు చూడ్డానికి కూడా ఉండడు. ఏడేళ్ళుగా నా తమ్ముణ్ణి నేను వెనక సందులోంచి వెళ్ళి దొంగచాటుగా చూసి వస్తున్నాను. మీకు తెలుసా ఆ సంగతి?"

తెలీదు. ఆ సందులో ఎప్పుడూ బురదే. భార్య చెప్పులకి బురదెందుకు ఉంటుందో మేస్త్రి ఏడేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

సోమవారమంతా పని సాగలేదు. ఒక అలారం గడియారంలో స్ప్రింగు మూడుసార్లు తలకిందులుగా పెట్టాడు. మంగళవారం మధ్యాహ్నం కొట్టు మూసి, రెండు వీధులు నడిచి, సెలూన్ ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాలో అప్పటికే బాగా ఆలోచించి పెట్టుకున్నాడు. చిన్నగా, హుందాగా ఉండాలి. మాట చెప్పేసి వచ్చేయాలి.

సెలూన్లో ఎవరూ లేరు. దువ్వెనలూ కత్తెరలూ అట్టపెట్టెలో సర్ది ఉన్నాయి. పటిక ముక్క అరిగి వేలెడంత మిగిలింది. పాత కుర్చీ ఒక్కటే మధ్యలో. వెనక గోడమీద తిరగేసిన గడియారం ఆగిపోయి ఉంది. బావమరిది స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. గ్లాసులో సగమే ఉంది. నిండుగా పోసుకుంటే ఒలికిపోతుందని సగమే పోసుకుంటున్నాడని మేస్త్రికి అర్థమైంది.

"గడియారం కోసం వచ్చాను," అన్నాడు మేస్త్రి, గడపలోంచే. ఏడేళ్ళ తర్వాత అన్న మొదటి మాట ఇది! దేనికోసం బయల్దేరాడో దానికీ దీనికీ ఏమైనా పొంతన ఉందా?

"తీసుకెళ్ళు బావా. నీదేగా," అన్నాడు బావమరిది. "ఆగిపోయి నాలుగేళ్ళయింది. కీ ఇస్తూనే ఉన్నాను, కదలదు. వేరేవాళ్ళని పిలిస్తే ఈ వెనక్కి తిరిగే గడియారం మావల్ల కాదన్నారు."

"ఎలా అవుతుంది! అది నేను చేసింది." మేస్త్రి మునివేళ్ళ మీద లేచి గడియారం దించాడు. దుమ్ము ఊదాడు. చంకలో పెట్టుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ఇంకో సంగతి. నిన్ను క్షమించేశాను."

పోస్టుమాన్ ఉత్తరం గుమ్మంలో విసిరేసినట్టు విసిరేశాడు ఆ మాట.

బావమరిది గ్లాసు కింద పెట్టాడు. "దేనికి బావా?"

"దేనికేంట్రా? మీసానికి! పోనీలే, మనిషన్నాక చెయ్యి జారుతుంది. ఏదో పొరపాటున గీశావు."

బావమరిది నేలకేసి చూస్తూ అన్నాడు. "చెయ్యి జారలేదు బావా. అప్పుడు నా చెయ్యి రాయిలా ఉండేది."

"అంటే?"

"కావాలనే గీశాను."

మేస్త్రి చంకలో గడియారాన్ని ఇంకోసారి సర్దుకున్నాడు.

"నా మొహం చూడు," అన్నాడు బావమరిది. "నాకు మీసం రాదు. పదకొండు వెంట్రుకలు, లెక్కపెట్టాను. ఊరందరి మీసాలకీ నేను సోకులు చేస్తాను. పెళ్ళిళ్ళలో అందరూ నీ మీసం గురించే మాట్లాడతారు. ఎవడు చేశాడురా దాన్ని అని ఒక్కడూ అడగడు. ఆ రోజు పొద్దున్న కుళ్ళు పుట్టింది. ఒక కొస కొంచెం తగ్గిద్దాం, ఫోటోలో వంకరగా పడుతుంది, చచ్చేట్టు నవ్వుకుందాం అనుకున్నాను. కొంచెం తగ్గించబోతే మొత్తం పోయింది. భయమేసింది. భయమేస్తే నాకు నవ్వొస్తుంది, అక్కనడుగు."

"ఏడేళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"పొరపాటనుకుంటే ఎప్పటికైనా క్షమిస్తావని ఆశ."

"మరి ఇప్పుడెందుకు చెప్పి ఏడ్చావు? క్షమించేశానన్నానుగా!"

"నువ్వు క్షమించింది నన్ను కాదనిపించింది బావా. చెయ్యి జారిన వాడెవణ్ణో క్షమించావు. అది పట్టుకుని నేను ఊరు వెళ్ళలేను."

మేస్త్రి ఒంటికాలిమీద లేచాడు. "కుళ్ళా? నా కూతురి పెళ్ళి రోజున కుళ్ళా? మంచినీళ్ళు మోయించావురా నాచేత!" అని అరిచి, గడియారం చంకలో పెట్టుకుని విసవిసా వీధిలోకి వచ్చేశాడు. ఇచ్చిన క్షమని వెనక్కి తీసుకోవచ్చా లేదా అని ఎవర్నైనా అడగాలనిపించింది.

మలుపు తిరిగేసరికి చంకలో ఏదో కదిలింది. టిక్కు, టిక్కు. కుదుపుకి గడియారం కదిలి నడవడం మొదలుపెట్టింది. ఎంత గింజుకున్నా నాలుగేళ్ళు నడవనిది ఇప్పుడే నడవాలా? మేస్త్రి బస్టాపు బెంచీ మీద కూర్చున్నాడు. గడియారం ఒళ్ళో పెట్టుకున్నాడు.

పక్కన సంచీతో నిలబడ్డ ఒకావిడ వంగి చూసింది. "టైమెంతండీ?"

"అద్దం ఉందా అమ్మా?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ రెండడుగులు దూరం జరిగింది.

ముళ్ళు వెనక్కి తిరుగుతున్నాయి. చూస్తూ కూర్చుంటే మేస్త్రి కూడా వెనక్కి వెళ్ళాడు. వద్దన్నా వెళ్ళాడు. కూతురు పుట్టిన రోజు మధ్యాహ్నానికి వెళ్ళాడు. అప్పటికి తాగుడు మొదలై నాలుగో ఏడు. భార్య ఆస్పత్రిలో ఉంది. మూడింటికల్లా రమ్మని కబురొచ్చింది. కొట్లో లోలకం గడియారం మూడుకి పది నిమిషాలు చూపిస్తోంది. మేస్త్రి ఏం చేశాడో తెలుసా? లేచి వెళ్ళి, గాజు తలుపు తీసి, లోలకాన్ని వేలితో పట్టుకుని ఆపాడు. ఆపి, సందులో ఉన్న సారా కొట్టుకి వెళ్ళాడు. మర్నాడు ఆస్పత్రికి వెళ్ళి, "కొట్లో గడియారం ఆగిపోయింది, టైం తెలీలేదు" అన్నాడు. భార్య పసిపిల్లని ఒళ్ళో పెట్టుకుని అతనికేసి చూసి ఊరుకుంది.

ఎన్ని వందలసార్లు సాక్ష్యం చెప్పాడు! ఒక్కసారైనా ఈ సంగతి చెప్పాడా? "దారి తప్పానండీ" అనేవాడు. ఎక్కడ తప్పాడు? ఆ దారి అతనికి కళ్ళు మూసుకున్నా తెలుసు. తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళాడు. తన వేలితో తనే ఆపాడు. మందు మానేసి మొదటిసారి మోకాళ్ళమీద పడ్డ రోజు దేవుడికి చెప్పుకున్న మొట్టమొదటి తప్పు అదే. పొరపాటున ఆపావా, కావాలని ఆపావా అని ఆయన అడగలేదు. కావాలనే ఆపాడని ఆయనకి తెలుసు. తెలిసే క్షమించాడు.

మేస్త్రికి సిగ్గేసింది. నడివీధిలో, ఒళ్ళో వెనక్కి తిరిగే గడియారం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారిపోయాయి. సంచీ ఆవిడ ఇంకో రెండడుగులు జరిగింది.

తిరిగి వచ్చేసరికి బావమరిది స్టూలు మీద అలాగే ఉన్నాడు. టీ చల్లారిపోయింది. మేస్త్రి ముళ్ళు సరిచేసి గడియారం మేకుకి తగిలించాడు. కోటు విప్పి, వెళ్ళి కుర్చీలో కూర్చుని, మెడ వెనక్కి వాల్చాడు.

"గీయి."

"బావా, నేను చెప్పింది వినబడలేదా నీకు?"

"నాకేం చెవుడా? విన్నాను. కావాలనే చేశావు. ఆ కావాలని చేసినవాణ్ణే క్షమిస్తున్నాను. పొరపాటుకైతే తుడుచుకుంటే సరిపోయేది, దానికి క్షమించడం దేనికిరా!" అని, లోలకం సంగతి మొత్తం చెప్పాడు. ఒక మనిషికి చెప్పడం అదే మొదలు.

బావమరిది విని నోటిమీద చెయ్యి పెట్టుకున్నాడు. "అక్కకి తెలుసా?"

"ఇవాళ చెబుతాను."

"బావా, అక్క దగ్గర చాలా పెద్ద కత్తెర ఉంది."

"అందుకే ముందు నీ దగ్గరికొచ్చాను. గీయి."

బావమరిది అట్టపెట్టె విప్పి కత్తి తీశాడు. నురగ పట్టించాడు. కత్తి పట్టుకున్న చెయ్యి గాలిలోనే వణుకుతోంది. మేస్త్రి మెడకి జానెడు దూరంలో ఆగిపోయింది. "నావల్ల కాదు బావా. మీసం కాదు, పీకే తెగుతుంది."

మేస్త్రికీ లోపల భయంగానే ఉంది, అబద్ధమెందుకు! అయినా చెయ్యెత్తి బావమరిది మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నలభై ఏళ్ళు వెంట్రుకలాంటి స్ప్రింగుల్ని కదలకుండా పట్టుకున్న చెయ్యి అది. వణుకు ఆ చేతిలోకి వచ్చి ఆగిపోయింది. ఒకడు గీస్తుంటే ఒకడు పట్టుకుని, ఇద్దరూ కలిసి మెల్లిగా ఎడమ చెంప గీశారు, కుడి చెంప గీశారు, గడ్డం కింద గీశారు. ఒక్క గాటు పడలేదు.

"పదకొండు వెంట్రుకలా, నిజంగా లెక్కపెట్టావా?" అన్నాడు మేస్త్రి.

"పోయినేడు ఒకటి రాలిపోయింది."

మేస్త్రికి నవ్వు ఆగలేదు. కుర్చీ ఊగింది. బావమరిదికీ ఆగలేదు. రెండు చేతులూ కలిసి ఊగాయి. సర్రుమని ఒక చప్పుడు.

అద్దంలోకి చూశారు. కుడి మీసం లేదు.

వెనక గడియారం ఒక్కటే కొట్టుకుంటోంది. అద్దంలో టైం నాలుగూ పది.

"ఈసారి ఎవరి తప్పు బావా?" అన్నాడు బావమరిది.

మేస్త్రి అద్దంలో తన మొహాన్ని ఇటూ అటూ తిప్పి చూసుకున్నాడు. "చెరి సగం," అన్నాడు. "రెండోది కూడా తీసెయ్."

ఇంటికెళ్ళేసరికి భార్య కుట్టుమిషను ఆపి, బోడి మొహం చూసి, నోట్లో గుండుసూదులు ఉన్నాయని కూడా మర్చిపోయి నవ్వబోయింది. మేస్త్రి ముందు సూదులు ఉమ్మించాడు. తర్వాత ఆవిడ ఎదురుగా కూర్చుని, లోలకం సంగతి చెప్పాడు. చెబుతున్నంతసేపూ కత్తెరకేసి ఒక కన్ను వేసే ఉంచాడు.

"తెలుసు," అంది ఆవిడ.

"తెలుసా? ఎప్పట్నుంచి?"

"ఆస్పత్రిలో మీరు చెప్పిన నిమిషం నుంచీ. గడియారాలు బాగుచేసేవాడి గడియారం ఆగిపోయిందంటే నమ్మడానికి నేనంత వెర్రిదాన్నా?"

"మరి ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదే?"

ఆవిడ మిషను కిందనుంచి దారం తెంపింది. "ప్రతి ఆదివారం ఆ మాట చెప్పేదాన్నిగా," అంది. "మీరు పక్కన నిలబడి దగ్గుతుండేవారు."



ఆదివారం చర్చిలో సగం మందికి అతను ఎవరో తెలీలేదు. ద్వారం దగ్గర ఒకాయన కొత్తవాడనుకుని పాటల పుస్తకం చేతికిచ్చాడు. మేస్త్రి తిన్నగా చివరి బెంచీకి వెళ్ళి బావమరిది పక్కన కూర్చున్నాడు, వాడికి అటుపక్క తన భార్య, తనకి ఇటుపక్క మనవరాలు. మర్నాడు పొద్దున్నే బావమరిది బస్సు. తిరగేసిన గడియారం అప్పటికే వాడి పెట్టెలో బట్టల మధ్య ఉంది. కీ ఎన్నిసార్లు తిప్పాలో ఒక కాగితం మీద రాసి దానికి అంటించాడు మేస్త్రి.

అందరూ లేచారు. ప్రార్థన మొదలైంది. ఆ మాట దగ్గరికి వచ్చింది. ఏడేళ్ళ అలవాటు కదా, పాస్టరుగారు ఆగారు, జనమంతా ఆగారు. టీచరమ్మ పేజీ తిప్పుకుంది. దగ్గు కోసం వదిలిన ఆ ఖాళీలో మేస్త్రి గొంతు ఒక్కటే వినిపించింది. పూర్తిగా, మొదటి అక్షరం నుంచీ చివరి అక్షరం దాకా. మా పట్ల తప్పు చేసినవాళ్ళని మేము క్షమించినట్టే, అని. పక్కన బావమరిది బెంచీ పట్టుకున్నాడు. చెయ్యి వణుకుతోంది. భార్య వంగి ఆ చేతిమీద తన చెయ్యి వేసింది.

మనవరాలు అప్పటికే రుమాలు తీసి సిద్ధంగా ఉంది. తాతయ్య కోటు పట్టుకుని లాగింది.

"తాతయ్యా, దగ్గలేదేం?"

"తగ్గిపోయిందమ్మా," అన్నాడు మేస్త్రి.